అతికించిన ఫైటు

పోయిన నెల ఆదోనిలో ఒక సినిమా హాల్లో, అరవై ఆరేళ్ళ వయసులో, నెరిసిన జుట్టుతో, మోకాళ్ళ నొప్పులతో నేను లేచి నిలబడి నలుగురు కుర్రాళ్ళను తిట్టాను. మామూలుగా తిట్టలేదు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పిన గొంతు నాది, మైకు లేకుండానే మైదానం చివరి దాకా పోతుంది. హాల్లో సగం మంది తెరను వదిలేసి నా వైపు తిరిగారు. పక్క సీట్లో ఉన్న మా సొంత తమ్ముడి కూతురు సుమ నా కొంగు పట్టుకొని లాగుతూ, "కూచో అత్తా, నీకు దండం పెడతా, ఫోన్లలో తీస్తాండారు" అని బతిమాలింది. తీసుకోనీ అన్నాను. ఇంకో నాలుగు తిట్టి గానీ కూచోలేదు.

ఆ సినిమాకు నన్ను తీసుకుపోయింది సుమే. క్రైమ్ థ్రిల్లరంట, బాగుందంట అని. గోడల మీద పోస్టర్లలో పెద్ద హీరో, చేతిలో కొడవలి, ఎర్రటి కళ్ళు. ఆ కొడవలిని చూసి వచ్చిన జనమే హాలంతా. లోపల చూస్తే ఆ కొడవలి సినిమా మొత్తానికి ఒక్కసారి కూడా పైకి లేవదు. హీరో ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. ఒక హత్యను కళ్ళారా చూస్తాడు. చూసినందుకు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. కథ అంతే. రెండు గంటల పాటు ఆ మనిషికి చెమటలు పడతాయి, అన్నం సహించదు, పెళ్ళానికి అబద్ధాలు చెప్తాడు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. తెర మీద వెలుతురు కూడా సరిగా ఉండదు, మనుషుల మొహాలు సగమే కనపడతాయి. ఆఖర్న నలుగురు కత్తులతో వస్తే, ఇదివరకటి సినిమాల్లో ఒంటి చేత్తో యాభై మందిని గాల్లోకి లేపిన ఆ హీరో, చెప్పులు వదిలేసి పరుగెత్తుతాడు. సరిగ్గా అప్పుడు మా వెనక వరసలో ఒకడు, "ఫైటు యాడరా? ఫైటు పెట్టండ్రా!" అని కేక పెట్టాడు. ఇంకొకడు, "థూ, ఈడేం హీరోరా, ఆడదాని మాదిరి ఉరుకుతాండాడు!" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఏమప్పా, మీరైతే ఏం పీకుతారు? నలుగురు కత్తులు పట్టుకొని మీదికి వస్తే లాగులు తడుపుకుంటారు! మనిషి పానం తీపితో ఉరికితే ఎట్లుంటాదో ఎప్పుడన్నా తెలుసుకున్నారా? నోరు మూసుకొని సూడండి!" అన్నాను. బడిలో పిల్లలు మా యాసలో రాస్తే ఎర్రసిరా పెట్టిన దాన్ని. కోపం వస్తే నాకు కూడా ఆ యాసే వస్తుంది. ఇంటికి వచ్చాక కూడా ఆ కోపం చల్లారలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగి, సుమ చేత నిచ్చెన వేయించి, అటక మీదున్న రేకు డబ్బాను దింపించాను. గుండ్రంగా, పళ్ళెం అంత వెడల్పుగా, తుప్పు పట్టి ఉంటుంది. నాయన పోయి చాలా ఏళ్ళయినా దాన్ని తెరిచే ధైర్యం నాకు రాలేదు. పారేసే ధైర్యమూ రాలేదు.

మా నాయన ఆదోనిలో ఒక టాకీసులో ఆపరేటరు. ఆ టాకీసు ఇప్పుడు లేదు, కొట్టేసి కళ్యాణమండపం కట్టారు. నాయన ఇంటికి వస్తే ఆయనకంటే ముందు వాసన వచ్చేది. కార్బన్ కడ్డీల పొగ, మిషన్ల నూనె, తెగిన ఫిల్మును అతికించే జిగురు. ఆ జిగురును వాళ్ళు సిమెంటు అనేవాళ్ళు. చిన్న సీసాలో నీళ్ళలా ఉండేది గానీ మూత తీస్తే ముక్కు పగిలిపోయేది. పొద్దున్నే అమ్మ బొరుగులతో ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసి ఎన్నిసార్లు పిలిచినా ఆయన గోడకు ఆనుకొని, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకొని కూచునేవాడు. ఏళ్ళ తరబడి మిషన్లో ఆ కార్బన్ కడ్డీల వెలుగును చూసి కళ్ళు దెబ్బతిన్నాయి. మా అవ్వ, అంటే నాయన వాళ్ళ అమ్మ, వాకిట్లో చాట ముందర పెట్టుకొని వేరుశనక్కాయలు ఒలుస్తూ, "పెద్దోడా, ఆ కొలువు మానుకోరా, కండ్లు పోతాయి" అని రోజూ అనేది. ఆయన రోజూ ఊ కొట్టేవాడు. నేను ఇంటరు మొదటిసారి తప్పి ఇంట్లో ఉన్న రోజులవి. మధ్యాహ్నం క్యారియరు పట్టుకొని టాకీసుకు పోయి, క్యాబిన్లో కూచొని ఆయన బదులు ఫిల్ము అతికించేదాన్ని. రెండు బొమ్మల మధ్య గీత మీద బ్లేడుతో కోయాలి, నాలుకతో తడి చేసి పైపూత గీకాలి, సిమెంటు రాసి రెండో ముక్క పెట్టి, బొటనవేలితో అదిమి పదిహేను దాకా లెక్కపెట్టాలి. నేను అతికిస్తే తెర మీద అతుకు కనపడేది కాదు. "మా సరోజ అతుకు దేవునికి కూడా తెలీదు" అని నాయన అందరికీ చెప్పుకొనేవాడు. అది విని పొంగిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ బొటనవేలిని చూసుకోవాలంటేనే అసహ్యం.

నాయనకు ఒక్కడే తమ్ముడు, ఉరుకుందప్ప, మా చిన్నాయన. మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. తండ్రి ఉరుకుందప్ప అయితే కొడుకు ఈరన్న. చిన్నాయన కొడుకు ఈరన్న నాకంటే రెండేళ్ళు చిన్న. వాళ్ళు పెద్దకడుబూరు దగ్గర మా పల్లెలో పత్తి, వేరుశనగ వేసుకొని బతికేవాళ్ళు. చిన్నాయన ఎంత మెతక మనిషంటే, ఊరి జాతరలో దేవరకు పొట్టేలును కోస్తుంటే చూడలేక చేని వైపు పోయేవాడు. అట్లాంటి మనిషికి పొలం గట్టు దగ్గర మారెప్ప అనేవాడితో తగాదా వచ్చింది. గట్టు ఒక మూర జరిగిందా, జరగలేదా అన్నదే తగాదా. ఆ మూర నేల కోసం ఒక సంత రోజు పట్టపగలు ఎమ్మిగనూరులో మారెప్ప వైపువాళ్ళు నలుగురు కలిసి చిన్నాయనను చంపేశారు.

ఎట్లా చంపారో నాయన అమ్మకు చెప్తుంటే వంటింటి తలుపు వెనక నిలబడి నేను విన్నాను. చిన్నాయన సంతలోంచి పరుగెత్తాడట. చేతిలో ఉన్న సంచి, కాళ్ళకున్న చెప్పులు వదిలేసి సాలెవాళ్ళ వీధిలోకి పరుగెత్తి, తలుపు తీసి ఉన్న ఒక ఇంట్లో దూరాడట. ఆ ఇంటామె మగ్గం మీద ఉంది. మా వైపు మగ్గాలు గుంట మగ్గాలు, నేస్తున్నవాళ్ళు కాళ్ళు గుంటలో పెట్టుకొని కూచుంటారు. చిన్నాయన ఆ గుంటలోకి దిగి, ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకొని, రెండు చేతులూ జోడించి, "సెప్పొద్దు తల్లీ" అన్నాడట. ఆమె చెప్పలేదు. వాళ్ళే వంగి చూశారు. ఇంటికి తెచ్చాక ఒంటికి నీళ్ళు పోసింది మా చిన్నమ్మ నాగమ్మ. గాయాలన్నీ వీపు మీదే ఉన్నాయి. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు అవ్వ అడిగింది. పదిమందిలో, శవం పక్కన కూచొని, "నా కొడుకు ఎట్ల పోయినాడు పెద్దోడా?" అని అడిగింది. నాయన ఒక్క నిమిషం ఆగాడు. ఆ ఒక్క నిమిషం నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. తర్వాత, "ముగ్గురిని పడేసినాకనే పడినాడమ్మా" అన్నాడు. తల్లి కడుపుకోత చూడలేక అన్నాడు, నాకు తెలుసు. నాయన చెడ్డవాడు కాదు. కానీ కోపం చెడ్డవాళ్ళ మీదే వస్తుందా ఏం? ఆ సాయంత్రానికి ఊరంతా ఆ మాటే. దినాల నాటికి ముగ్గురు ఐదుగురయ్యారు. ఏడాది తిరిగేసరికి, చిన్నాయన కట్టె పట్టుకొని సంత మధ్యలో నిలబడి రండిరా అని సవాలు చేశాడని, చూసినట్టు చెప్పేవాళ్ళు మా పల్లెలోనే పది మంది తయారయ్యారు. వాళ్ళలో ఒక్కడూ ఆ రోజు ఎమ్మిగనూరు పోలేదు.

అవ్వకు నిజం తెలియదనుకుంటే పొరపాటు. ఆ దినాలు అయిపోయాక మా ఇంట్లో ఒక మాట పలకడం మానేయించింది ఆమే. ఉరకడం. మా వైపు పరుగెత్తడాన్ని ఉరకడం అనే అంటాం. పిల్లలెవరైనా "ఉరికొస్తా అవ్వా" అంటే చాటతో కొట్టేది. "తొందరగా వస్తా అని సెప్పు" అనేది. కొడుకు పేరులోనే ఆ మాట ఉందని, ఆ పేరు కూడా ఎత్తేది కాదు. "మా సిన్నోడు" అనేది. బస్సు ఉరకదు మా ఇంట్లో, పోతుంది. పాలు పొంగితే అమ్మ తొందరగా పోయేది. ఏం బతుకు అది! అందరికీ తెలుసు, అందరూ అబద్ధానికి కాపలా కాస్తున్నారు. తెలియనివాడు ఒక్కడే అనుకున్నాం. ఈరన్న.

చిన్నమ్మ, ఈరన్న మా ఇంటికే వచ్చేశారు. చిన్నమ్మ పత్తి మిల్లులో పనికి పోయేది. ఇంటికి వస్తే తల నిండా, కనుబొమల నిండా దూది. నేను దువ్వెన పట్టుకొని ఆ దూది తీస్తుంటే కళ్ళు మూసుకొని కూచునేది. మా పల్లె నుంచి పత్తి బండ్లతో వచ్చిన మగవాళ్ళు మా వాకిట్లో చెంబెడు నీళ్ళు తాగి, ఈరన్న వీపు తట్టి, "పులి కొడుకువప్పా నువ్వు" అనేవాళ్ళు. పోతూ పోతూ, "ఎప్పుడప్పా?" అని అడిగేవాళ్ళు. ఏం ఎప్పుడో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. పెళ్ళెప్పుడు అని అడిగినంత తేలికగా అడిగేవాళ్ళు దొంగముండాకొడుకులు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నమ్మ మొహం పాలిపోయేది. వాడికి పద్దెనిమిది నిండాక, ఎవరూ చెప్పకుండానే ఎమ్మిగనూరు పోయి మగ్గం పని నేర్చుకుంటానన్నాడు. సేద్యం చేసేవాళ్ళ పిల్లోడికి మగ్గమేందని నాయన విసుక్కున్నాడు. చిన్నమ్మ మాత్రం, "పోనీ బావా, పల్లెకు దూరంగా ఉంటాడు" అంది.

అట్లాంటప్పుడు ఒక సినిమా వచ్చింది. పేరు చెప్పను. ఆ కాలంలో ఫైట్లకు పేరుపడిన హీరో, మీసాలు తీసేసి నటించాడు. పోస్టరు మీద కత్తి ఉంది. సినిమాలో లేదు. పగబట్టిన వాళ్ళు ఒక మామూలు మనిషిని ఊరంతా తరుముతారు, ఆఖరి రీల్లో అతను ఒక సందులో పరుగెత్తి పరుగెత్తి ఒక ధాన్యం కొట్లో దాక్కుంటాడు. వెనక నుంచే చూపించారు, వీపు ఒక్కటే కనపడుతుంది. పాట లేదు, మ్యూజిక్ లేదు, ఎగశ్వాస తప్ప ఏమీ వినపడదు. తలుపు తెరుచుకుంటుంది. అయిపోయింది సినిమా. మొదటి రోజు మాట్నీకి మిల్లు సెలవు పెట్టి చిన్నమ్మ వచ్చింది. ఊరికే వచ్చింది, బావ ఆపరేటరు కాబట్టి. సినిమా అయిపోయినా లేవలేదు. హాలు ఊడ్చేవాళ్ళు వచ్చి లేపాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి నా చేయి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయింది. "ఎవురో మారాజు ఉన్నది ఉన్నట్టు తీసినాడు పాపా" అంది. "రేపు ఈరన్నను రమ్మని కబురు పంపినా. వాని పక్కన కూచొని సూపిస్తా. మీ నాయన ఇట్లనే పోయినాడురా, బయపడేది తప్పు కాదురా అని సెప్పాల. నాకు నోటితో సెప్పేకి రాలేదు ఇన్ని దినాలు. ఆ సినిమా సగం సెప్తాది, మిగిలిన సగం నేను సెప్తా." చిన్నాయన పోయాక ఆ నాలుగేళ్ళలో చిన్నమ్మ అన్ని మాటలు మాట్లాడటం నేను అదే వినడం.

అప్పట్లో ఒక్కటే ప్రింటు. ఆదోనిలో మాట్నీ అయ్యాక ఆ డబ్బాలే బస్సెక్కి ఎమ్మిగనూరులో మొదటాటకు పోయేవి. ఆ రోజు ఎమ్మిగనూరులో ఆఖరి రీలు చూసి జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఫైటు లేకుండా హీరోను చంపుతారా అని తెర మీదికి చెప్పులు విసిరారు. మర్నాడు పొద్దున సావుకారు, అంటే టాకీసు ఓనరు, క్యాబిన్లోకి వచ్చి, "ఆ ఉరికేది తీసెయ్యి. ఏదన్నా పాత ఫైటు అతికించు. గొడవైతే నీదే పూచీ" అని నాయనకు చెప్పి పోయాడు. టాకీసు గోడౌన్లో అదే హీరో పాత సినిమా రీళ్ళు నాలుగైదు పడి ఉండేవి. అందులోంచి ఒక ఫైటు తీశాం. నేను నాయనతో, "నాయనా, చిన్నమ్మ ఈపొద్దు ఈరన్నను పిల్చుకొని వస్తాంది" అన్నాను. ఆయనకు అర్థమైంది. నా వైపు చూడకుండా, "బ్లేడు పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. కోశాను. నాలుకతో తడి చేశాను, సిమెంటు రాశాను, బొటనవేలితో అదిమి పదిహేను దాకా లెక్కపెట్టాను. టాకీసు నుంచి మా ఇంటికి పది నిమిషాల నడక. పోయి చిన్నమ్మకు ఈరోజు వద్దు అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నాయన మాటకు ఎదురుపోకూడదని పెంచారు నన్ను, ఆ పెంపకం మీద కూడా నాకు కోపమే. కోసిన రీలును నాయన ఈ రేకు డబ్బాలో పెట్టి, పారేయకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

మాట్నీకి క్యాబిన్ కంతలోంచి కింద చూస్తే, చిన్నమ్మ, ఈరన్న పక్కపక్కన కూచొని ఉన్నారు. ఆమె చేయి వాడి చేతి మీద ఉంది. ఆఖరి రీలు వచ్చింది. మీసాలు లేని హీరో తెల్లచొక్కాతో సందులోకి పరుగెత్తాడు. మీసాలతో, గళ్ళ చొక్కాతో ఇవతలికి వచ్చి పదిమందిని చితకబాదాడు. నవ్వొస్తుంది కదా ఇప్పుడు వింటే? ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. మీసం ఎక్కడిదని ఒక్కడూ అడగలేదు. హాలంతా ఈలలు, కాగితాలు చించి గాల్లోకి ఎగరేయడం. ఈరన్న లేచి నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకొని అందరికంటే గట్టిగా ఈల వేశాడు. చిన్నమ్మ వాడి మొహం వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆట అయ్యాక ఆమె ఒక్కతే క్యాబిన్ మెట్లెక్కి వచ్చింది. "ఆ రీలు యాడ పెట్టినావు బావా?" అని అడిగింది. నాయన మిషన్ తుడుస్తూ, "జనం అడిగినారు నాగమ్మా, ఫైటు కావాలని" అన్నాడు. "అట్లనా" అంది ఆమె. "నా మొగుడు సచ్చిన దినం కూడా జనమే అడిగినారా బావా?" నాయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది, నా వేళ్ళకు ఎండిపోయిన సిమెంటు చూసింది, మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ తలలో దూది నా చేత తీయించుకోలేదు.

ఆ ఏడాది పత్తి తీతలప్పుడు ఈరన్న పల్లెకు పోయి మారెప్ప తమ్ముణ్ణి మచ్చుకత్తితో నరికి చంపాడు. చిన్నాయనను చంపిన నలుగురిలో ఆ తమ్ముడు లేడు. చేలో బండి ఇరుసుకు కందెన రాసుకుంటున్నాడు. ఈరన్నకు యావజ్జీవం పడింది. చిన్నమ్మ రొట్టెలు, వేరుశనగ పొడి కట్టుకొని కడప జైలుకు తిరిగి తిరిగి, వాడు బయటికి రాకముందే కన్నుమూసింది. పల్లెలో మాత్రం, పులి కడుపున పులే పుట్టింది అన్నారు. ఎప్పుడప్పా అని అడిగిన మగవాళ్ళలో ఒక్కడు కూడా కడప బస్సెక్కలేదు.

ఇవన్నీ తలుచుకుంటూ నేను డబ్బా ముందర కూచొని ఉంటే, సుమ నవ్వాపుకుంటూ ఫోను తెచ్చి చూపించింది. హాల్లో నేను తిట్టింది ఎవరో తీసి పెట్టారు, వేలమంది చూశారట. చూస్తే నా తిట్ల వెనకాల ఢమఢమా ఫైటు మ్యూజిక్ పెట్టారు. నేను వేలు చూపించిన ప్రతిసారీ తెర మీద నిప్పులు ఎగురుతున్నాయి. ఆ హీరో పరుగెత్తిన ముక్కకు జోకరు పాట అతికించి అదీ తిప్పుతున్నారు. అప్పుడు ఒక రీలు కోయాలంటే సావుకారు చెప్పాలి, నాయన ఒప్పుకోవాలి, నేను పదిహేను దాకా లెక్కపెట్టాలి. ఇప్పుడు ఎవడి జేబులో వాడికి బ్లేడు, సిమెంటు రెండూ ఉన్నాయి. "పీకెయ్యమ్మా ఆ మ్యూజిక్" అన్నాను. "మనకు రాదత్తా అది" అంది. డబ్బా సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఈరన్న ఇప్పుడు అక్కడే ఉంటాడు, ఒక్కడే. జైల్లో తివాచీలు నేశాడు, బయటికి వచ్చాక మళ్ళీ గుంట మగ్గమే పట్టుకున్నాడు. నేను పోయేసరికి కాళ్ళు గుంటలో పెట్టుకొని తువ్వాళ్ళు నేస్తున్నాడు. లేవబోతే వద్దని, మగ్గం పక్కనే చాప మీద కూచొని డబ్బా మూత తీశాను. పులిసిపోయిన వాసన కొట్టింది. ఫిల్ము ముడుచుకొని, రంగులన్నీ పోయి ఎర్రగా అయిపోయి ఉంది. ఒక జానెడు విప్పి వాకిలి వెలుగుకు పట్టాను. చిన్న చిన్న బొమ్మల్లో ఒక మనిషి వీపు. "ఇది నేనే కోసినా ఈరన్నా" అన్నాను. "మీ అమ్మ నీకు సూపించాలని పిల్చుకొని వచ్చింది దీన్నే. ఇది సూసింటే నువ్వు ఆ పని చేసేవాడివి కాదు."

వాడు అటూ ఇటూ విసురుతున్న నాడెను ఆపి, బొమ్మల వైపు చూశాడు. "సూసినానక్కా" అన్నాడు.

"ఏం సూసినావు?"

"ఈ రీలే. ముందు దినమే, ఈడ మొదటాటలో. కుర్సీలు ఇరగ్గొట్టినారు సూడు, ఆ ఆటలో నేనుంటి." కాళ్ళున్న గుంట వైపు తల వంచాడు. "నాకు మగ్గం నేర్పింది ఎవురనుకున్నావు? మా నాయన యా గుంటలో దిగినాడో ఆ ఇంటామెనే. నేనే వెతుక్కొని పోతి. పోయిన దినమే అంతా సెప్పింది."

"మరి తెలిసి కూడా మర్నాడు యాలరా వచ్చినావు?" అన్నాను.

"అమ్మ రమ్మనింది కదా. అమ్మ పక్కన కూచొని సూస్తే అమ్మ ఏడుస్తాది, నేనూ ఏడుస్తా, అప్పుడన్నా మాట్లాడుకోవచ్చు అనుకుంటి. మన ఇంట్లో యాడ మాట్లాడనిస్తాండ్రి?"

"మరి ఈల ఎందుకు వేసినావురా? అంత గట్టిగా!"

"ఫైటు వచ్చె గదక్కా. అందరూ ఏస్తాండ్రి. నేను ఏయకుంటే, నాకు తెలుసని అమ్మకు తెలిసిపోతాది. అమ్మ తట్టుకుంటాదో లేదో అని ఏస్తి."

నాకు పట్టరాని కోపం వచ్చింది. వాడి మీదో, చచ్చిపోయిన నాయన మీదో, ఎవరి మీదో. మగ్గం కొయ్యను చేత్తో కొట్టాను. "అన్నీ తెలిసి కత్తి పట్టుకొని పోతావురా? నీకు బుద్ధి లేదా? నువ్వు నరికినోడు ఆ నలుగురిలో కూడా లేడు కదరా!"

"లేడు" అన్నాడు. "మా నాయన మాదిరే ఉరికినాడు పాపం." వాడి చేతులు నేసిన గుడ్డ మీద అట్లాగే ఉన్నాయి. "వాకిట్లోకి వచ్చినోళ్ళంతా పులి కొడుకా, ఎప్పుడప్పా అంటాండ్రి. నువ్వుంటివి, పెద్దనాయన ఉండె, అవ్వ ఉండె. అందరికీ తెలుసు. ఒక్కరన్నా నా మొగం సూసి మీ నాయన ఉరికినాడురా అని సెప్పింటే, నేను గూడా ఉరికేటోణ్ణి అక్కా. బళ్ళారికో, బొంబాయికో యాడికో ఒక తావుకు."

వీధిలో పక్క ఇంటి మగ్గం చప్పుడు వినపడుతోంది. అవ్వ లేదు, నాయన లేడు, చిన్నమ్మ లేదు. ఇంక ఎవరి కోసం దాచాలి? అయినా ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఎంత కష్టమైందో చెప్పలేను. వాడి మొహంలోకి చూస్తూ అన్నాను.

"మీ నాయన ఉరికినాడురా ఈరన్నా. పానానికి బయపడి ఉరికినాడు. గుంటలో దాక్కొని దండం పెట్టినాడు."

ఈరన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంగోసారి సెప్పక్కా" అన్నాడు.